మొండి నంబరు లారీ

మొన్న ముత్తంగి దగ్గర ఆటోలో వస్తూ ఉన్నట్టుండి గట్టిగా అరిచాను.

"బాబూ, ఆ లారీ ఎంబడి పో! జల్దీ పో!"

ఆటో నడిపే అతను హడలిపోయాడు. "ఏమైందమ్మా? గుద్దిండా? బ్యాగు గిట్ల గుంజుకున్నరా?"

"అయ్యో, బ్యాగు కాదయ్యా, నంబరు! దాని ఎనుక నంబరు జూడు!"

ముందు పోతున్న కంటైనరు లారీ వెనక తలుపు మీద నాలుగంకెలు ఎండకు మెరుస్తున్నాయి. 9973. అతను చదివాడు. అద్దంలో నా ముఖం చూశాడు. "తొంభై తొమ్మిది డెబ్బై మూడు. అయితే ఏందమ్మా?" అన్నాడు.

అయితే ఏందట! నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో అతనికేం తెలుసు? పాపం, కాదనలేక హారన్ మోగిస్తూ కాస్త దూరం తరిమాడు కూడా. కానీ లారీ రింగు రోడ్డు ఎక్కేసింది. ఆ రోడ్డు మీదికి ఆటోలను రానివ్వరు. పక్కకు ఆపి, "చుట్టాలదా అమ్మా?" అని జాలిగా అడిగాడు.

"చుట్టం కన్నా ఎక్కువ" అన్నాను.

దిగి చూస్తే, నేను నిలబడింది సరిగ్గా మా మోరీ ఉండిన చోటే. ఇప్పుడక్కడ ఫ్లైఓవరు స్తంభాలు, గోడౌన్ల రేకులు, టీ కొట్టు. మోరీ ఆనవాలు కూడా లేదు. రోడ్డు కింద వాన నీళ్లు పోవడానికి కట్టిన తూము అది. దానికి రెండు వైపులా నడుమెత్తు రాతి గోడలు ఉండేవి. నా చిన్నతనంలో మంచి భాగమంతా ఆ గోడ మీద కూర్చునే గడిపాను.

అప్పట్లో బొంబాయి రోడ్డు ఎంత సన్నగా ఉండేదంటే, ఎదురెదురుగా రెండు లారీలొస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలు. చేల మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి కొత్త ఫ్యాక్టరీల గొట్టాలు లేస్తున్నాయి. పొద్దున పచ్చి జొన్న వాసన, సాయంత్రం గాలి తిరిగితే ముక్కు మండే మందుల వాసన. మా కర్దనూర్ ఆడవాళ్లలో కొందరు కలుపుకు పోయేవాళ్లు, కొందరు ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. మా అమ్మ ఫ్యాక్టరీలో టానిక్కు సీసాలను అట్టడబ్బాల్లో సర్దే పనిలో చేరింది. ఇంటికొచ్చేసరికి ఆమె కొంగు నారింజ టానిక్కు వాసన వేసేది. ఆ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

అచ్చు వంకరపోయిన లేబుల్ కాగితాలను ఫ్యాక్టరీ వాళ్లు పారేసేవాళ్లు. అమ్మ అడిగి వాటిని తెచ్చి, సూది దారంతో కుట్టి నాకు రఫ్ నోటు చేసి ఇచ్చేది. ఒకవైపు 'భోజనం తర్వాత రెండు చెంచాలు' అని వంకరగా ఉంటుంది, రెండో వైపు నా లెక్కలు. లెక్కలంటే నాకు పిచ్చి. ఆ మాట చెప్పుకోవడానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

హైస్కూలుకు పోవాలంటే లారీల రోడ్డు వెంట చాలా దూరం నడవాలి. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "గుంపుతోని వోతెనే బడి. ఒక్కదానివైతె ఇంట్లనే ఉండు. నేనేమో డ్యూటీకి వోవాలె, నీ ఎంబడి ఎవ్వలొస్తరు?"

గుంపు అంటే మా ఊరి ఆడపిల్లలం ఐదుగురం. అందులో నేనే చిన్నదాన్ని, ఆ ఏడే కొత్తగా చేరినదాన్ని. మా ఊరి పాస్టరు గారి పెద్దమ్మాయి గుంపుకు పెద్ద. నాకన్నా రెండు తరగతులు పైన. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, ఎప్పుడూ మాయని తెల్ల రిబ్బన్లు. ఆమె లేస్తే అందరం లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. గుంపులో ఎవరుండాలో, ఎవరు పోవాలో అక్కే చెప్పేది.

బడి నుంచి వచ్చేటప్పుడు మోరీ గోడ మీద ఆగేవాళ్లం. గోడ మధ్యలో ఒక నున్నటి రాయి ఉండేది. అది అక్క స్థానం. మోరీ ముందర రోడ్డులో పెద్ద గుంత. లారీ ఏదైనా అక్కడ నెమ్మదించాల్సిందే. చెరకు లారీ అయితే వెనక నుంచి తలో గడ గుంజేవాళ్లం. డ్రైవరు తిట్లు మొదలుపెట్టేలోపు చేలోకి ఉరికి, మళ్లీ వచ్చి గోడెక్కి, చెరకు నములుతూ ఆట మొదలుపెట్టేవాళ్లం.

ఆ ఆట పేరు ఇరగ్గొట్టుడు. వచ్చిన లారీ వెనక ఏ నంబరుంటే దాన్ని విరగ్గొట్టాలి. అంటే ఏ రెండు సంఖ్యలను గుణిస్తే అది వస్తుందో చెప్పాలి. ఒకటితో గుణిస్తే చెల్లదు. సరి సంఖ్య వస్తే అందరం ఒక్కసారే "సగం!" అని అరిచేవాళ్లం, దానికి విలువ లేదు. చివర ఐదున్నా అంతే. అసలు మజా మిగతావాటిలో ఉండేది. ఒకసారి 2491 వచ్చింది. మేమంతా తలలు గోక్కుంటుంటే అక్క కళ్లు మూసుకుని, "నలభై ఏడు, యాభై మూడు" అంది. తర్వాత లెక్కేసి చూస్తే నిజమే! ఆ రోజంతా నేను ఆమెను దేవతను చూసినట్టు చూశాను.

ఎంత చేసినా విరగని దాన్ని మొండిది అనేవాళ్లం. దాన్నే ప్రధాన సంఖ్య అంటారని తర్వాత పుస్తకంలో చదివాను గానీ, నాకు ఇప్పటికీ మొండిది అంటేనే ఇష్టం. మొండిది అని చెప్పడం మాత్రం మామూలు విషయం కాదు. ఎవరైనా అలా చెప్పాక ఇంకొకరు ఆ నంబరును విరగ్గొడితే, చెప్పినవాళ్లు మోరీ దిగి గుంపులోంచి పోవాలి. అది అక్క పెట్టిన రూలు. అంతకు ముందు ఒకమ్మాయి అలాగే పోయింది. ఆమెకు సైకిలున్న అన్న ఉన్నాడు కాబట్టి బడి ఆగలేదు. నాకు అన్నా లేడు, సైకిలూ లేదు.

ఒక శనివారం, ఒంటిపూట బడి అయ్యాక, దూరం నుంచి గలగలమని శబ్దం వచ్చింది. ఖాళీ సీసాలను వరిగడ్డిలో పేర్చి తెచ్చే లారీ అది. ఆ వారం నుంచి మా అమ్మ ఫ్యాక్టరీకి ప్రతి శనివారం సీసాలొస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు, లారీని మేం చూడడం మాత్రం అదే మొదటిసారి. గుంతలో దిగి లేచేసరికి లారీ మొత్తం నవ్వినట్టు మోగింది. వెనక చెక్క మీద కుంచెతో రాసిన అంకెలు: 9973.

మూడు పోదు. ఏడు పోదు. పదకొండు పోదు. నా నోటి లెక్క అంతవరకే వచ్చింది. అయినా నాకేమైందో, ఆ అంకెలను చూడగానే ఒళ్లంతా ఉడుకెత్తింది. "మొండిది!" అనేశాను.

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. "ఏం జూసి అన్నవే పొట్టీ?"

"మూడు, ఏడు, పదకొండు..."

"మూడు జూస్తె అన్నీ జూసినట్టేనా? తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై రెండు దాక ఉన్నయి! మల్ల శనివారం గీ లారీ వస్తది. గప్పటికి నేను ఇరగ్గొడ్త. ఇరిగితె నువ్వు మోరీ దిగాలె."

"ఇరగకుంటె?"

"ఇరగకుంటె నా జాగ నీది. కని నాకు ఇరగలేదు అంటె సాలదు బిడ్డా. ఎవ్వరికీ ఇరగదని నువ్వు సూపియ్యాలె."

దిమ్మ తిరిగిపోయింది. దాదాపు పది వేల భాగహారాలు! ఆదివారం పొద్దున చర్చి నుంచి పాటలు వినిపిస్తుంటే మా అరుగు మీద కూర్చుని నాలుగుతో, ఆరుతో, ఎనిమిదితో, తొమ్మిదితో భాగిస్తూ పోయాను. అక్క పాటల పుస్తకం వెనక అట్ట మీద లెక్కలు వేస్తోందని గుంపులో ఒకమ్మాయి వచ్చి చెప్పింది. నాకు ఇంకా భయం పట్టుకుంది. మంగళవారం సాయంత్రానికి యాభై దాకా వచ్చాను. అమ్మ కుట్టిన నోటు అయిపోవచ్చింది.

అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. "ఏందే గది? లేబుళ్లన్నీ ఒడగొట్టినవ్. తిండి లేదు, తిప్పలు లేదు."

దాచలేక మొత్తం చెప్పేశాను. గుంపులోంచి తీసేస్తారని కూడా చెప్పి, "అప్పుడన్నా బడికి పంపుతవా అమ్మా?" అని అడిగాను.

అమ్మ చెయ్యి ఆగింది. "గుంపు లేకుంటె బడి లేదు బిడ్డా. గా మాట నేను మార్సలేను. ఒక్కదానివి గా రోడ్డు మీద నడుస్తుంటె మిషన్ కాడ నా చేతులాడవు." రొట్టెను పెనం మీద వేసి, "అసలు ఏం లెక్కనే?" అంది.

బడి ముఖం చూడని మనిషికి ఎలా చెప్పాలి? ఆమె పని మీదే పెట్టి చెప్పాను. "తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు సీసలున్నయనుకో. వరుసకు ఇన్ని అని సమానంగ సర్దాలె. ఒక్కటి సుత మిగలొద్దు."

అమ్మ ముఖం వెలిగింది. "వరుసకు ఎన్ని దాక జూసినవ్?"

"యాభై."

"ఇంకెంత దాక జూస్తవ్?"

"తొమ్మిది వేల దాక."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పెనం మీద రొట్టె మాడుతున్నా నవ్వు ఆగలేదు. "ఓ పిచ్చిదానా! వరుసకు తొమ్మిది లెక్కన ఆరు వరుసలు సర్దిన డబ్బను పక్కకు తిప్పు. ఏమైతది? వరుసకు ఆరు, తొమ్మిది వరుసలు. గదే డబ్బ గాదె? కొత్తగొచ్చిన పోరీలు గిట్లనే తిప్పి తిప్పి మల్ల లెక్కవెడ్తరు, సూపర్‌వైజర్ తోని తిట్లు తింటరు. తిప్పిన డబ్బను మల్ల లెక్కవెడ్తరానే?"

 లేచి చింతగింజలు తెచ్చి పన్నెండు లెక్కపెట్టి నేల మీద పేర్చాను. వరుసకు రెండు, ఆరు వరుసలు. వరుసకు మూడు, నాలుగు వరుసలు. వరుసకు నాలుగు అనగానే పాత డబ్బానే పక్కకు తిరిగి వచ్చింది! వరుసకు ఆరు, అదీ పాతదే! సన్నటి పొడుగు డబ్బా వెడల్పవుతూ వెడల్పవుతూ చదరం దాకా వస్తుంది. చదరం దాటాక వచ్చేవన్నీ తిప్పిన డబ్బాలే. మరి నా సీసాలకు చదరం ఎక్కడ? వంద వందలు పదివేలు. నా దగ్గర అన్ని సీసాలే లేవు! రెండు వైపులా వందకు తగ్గకుండా ఉండడం కుదరదు. ఏ డబ్బాకైనా ఒక వైపు వందకు లోపే ఉండాలి.

"అమ్మా! తొంభై తొమ్మిది దాకనే! తొంభై తొమ్మిది దాకనే!" అని ఎగిరాను. కాలు తగిలి పచ్చిపులుసు గిన్నె బోర్లా పడింది.

"పులుసంత నేలపాలు జేసినవ్ గదనే!" అని అమ్మ అరిచింది గానీ, ఆమె కళ్లలో కోపం లేదు. ఆ రాత్రి మాడిన రొట్టె, ఉల్లిగడ్డ తిన్నాం. అంత రుచైన తిండి నేను మళ్లీ తినలేదు.

ఒకటి తెలిశాక రెండోది దానంతటదే తెలిసింది. రెండేసి సర్దితేనే మిగిలిపోయేవి, నాలుగేసి సర్దితే మిగలకుండా ఎలా ఉంటాయి? మూడు కుదరకపోతే తొమ్మిదీ కుదరదు. మొండి వాటితో చూస్తే చాలు. తొంభై తొమ్మిది లోపు మొండివి ఇరవై ఐదే! రెండు, మూడు, ఐదు చూడగానే పోయాయి. మిగిలినవి ఇరవై రెండు భాగహారాలు. నేను పది వేలు అనుకున్నవి ఇరవై రెండయ్యాయి! అందరికీ చూపించాలి కాబట్టి, ముందు చేసినవి కూడా మళ్లీ శుభ్రంగా వేస్తూ బుధవారం ఎనిమిది, గురువారం ఎనిమిది, శుక్రవారం ఆరు చేశాను. యాభై తొమ్మిది దగ్గర మాత్రం నా ప్రాణం పోయినంత పనైంది. రెండే రెండు మిగిలాయి. చివరికి తొంభై ఏడు. డెబ్బై తొమ్మిది మిగిలాయి. "మొండిదే!" అని నేను అరిచిన అరుపుకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

శనివారం అందరం మోరీ ఎక్కాం. లారీ ఇంకా రాలేదు. నేను నోరు తెరవకముందే అక్క, "ఇరిగింది" అంది.

"ఎట్ల?" అన్నాను.

"యాభై తొమ్మిది, నూట అరవై తొమ్మిది. గిదిగో లెక్క." కాగితం నా చేతిలో పెట్టింది.

యాభై తొమ్మిది! నన్ను భయపెట్టినదే! నా లెక్కే తప్పిందేమో అనుకున్నాను. మిగతా ముగ్గురూ అప్పుడే "దిగు, దిగు" అని గోల చేస్తున్నారు. చివరి అంకెల వైపు చూశాను. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. చివర ఒకటి రావాలి. లారీ నంబరు చివర ఉన్నది మూడు! ఇంక మిగతా లెక్కతో పనే లేదు. అప్పుడు జవాబును దగ్గరగా చూశాను. లెక్కంతా పెన్సిలుతో ఉంది. చివర పెన్సిలు ఒకటి మీద ఇంకుతో మూడు దిద్ది ఉంది.

తలెత్తి అక్కను చూశాను. ఆమె నన్ను చూడకుండా రోడ్డు వైపు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. పాస్టరు గారి బిడ్డ అబద్ధం రాసిందని ఆ ముగ్గురికీ తెలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"అక్కా, కూడికల జెర తప్పు వొయ్యింది. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. కడకు ఒకటి రావాలె, మూడు రాదు."

కాగితం మడిచి నా సంచిలో వేసుకున్నాను. ఎవరూ అడగకముందే గులకరాళ్లు ఏరి గోడ మీద పన్నెండు పేర్చి, అమ్మ చెప్పిన తిప్పిన డబ్బా సంగతి, ఇరవై ఐదు మొండి వాటి సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఇరవై రెండు భాగహారాలూ లేబుళ్ల వెనక రాసి ఉన్నాయి, చూసుకోండని ముందర పెట్టాను. చూశారు. "గట్లయితె పక్కా మొండిదే!" అని ముగ్గురూ ఒప్పుకున్నారు.

అప్పుడే గలగలమంటూ లారీ వచ్చింది. అందరం గోడ మీద లేచి నిలబడి, చేతులూపుతూ "మొండిదీ! మొండిదీ!" అని అరిచాం. డ్రైవరు భయపడి బండి ఆపాడు. "ఏందే పోరీలు? టైరు గిట్ల వోయిందా?"

"లేదు పెద్దయ్యా! నీ బండి నంబరు ఇరగదు!"

ఆయన దిగి వెనక్కొచ్చి తన నంబరునే కొత్తగా చూసుకున్నాడు. "గది మంచిదే బిడ్డా. యాక్సిల్ ఇరగకుంటె ఇంకా మంచిది" అని, సీటు కింద నుంచి ఐదు జామకాయలు తీసి ఇచ్చి వెళ్లాడు.

అక్క నున్నటి రాయి మీంచి లేచింది. "కూసో" అంది.  కూర్చున్నాను. రాయి ఎండకు వెచ్చగా ఉంది. ఆమె గోడ చివరికి పోయి ఒక్కతే నిలబడితే చూడలేకపోయాను. కాస్త జరిగి, "ఇద్దరికి జాగ ఉన్నదక్కా" అన్నాను. వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. లారీ నంబర్లు తొంభై తొమ్మిది తొంభై తొమ్మిదితో ఆఖరు. మరి మన మొండిదాని పైన ఇంకో మొండిది ఉందా? పైన ఇరవై ఆరు నంబర్లున్నాయి. ఒక్కొక్కటే విరగ్గొట్టుకుంటూ పోయాం. 9991 మాత్రం నాలుగు రోజులు సతాయించింది. ఆదివారం ప్రార్థన మధ్యలోంచి లేచి, చెప్పుల్లేకుండా ఉరికొచ్చి, అక్క మా వాకిట్లో నిలబడి అరిచింది. "ఇరిగింది! తొంభై ఏడు, నూట మూడు!" ఏడు మూళ్లు ఇరవై ఒకటి, చివర ఒకటి. గుణించి చూశాను. ఈసారి నిజమే! ఇద్దరం చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. లారీ మొయ్యగలిగే మొండి నంబర్లలో అన్నిటికన్నా పెద్దది మాదే. బొంబాయి రోడ్డు మీద తిరిగే ఇన్ని వందల మందిలో ఆ సంగతి మా ఇద్దరికే తెలుసనుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

నేను పదో తరగతి దాటాను. అమ్మ పనిచేసిన ఫ్యాక్టరీలోనే స్టోర్స్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అక్క నర్సు అయింది, సంగారెడ్డిలో ఉంటుంది. ఓటమి మాత్రం ఒప్పుకోలేదు. నా పెళ్లిలో ఫోటోకు నిలబడి, నా చెవిలో "డెబ్బై ఒకటితోని జూసినవా?" అంది. తలంబ్రాలు నెత్తి మీద ఉండగానే "ముప్పై మూడు మిగుల్తయక్కా" అన్నాను. మా ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొన్న ఫ్లైఓవరు కింద నిలబడే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా! కనవడ్డది!"

"ఏంది?"

"తొంభై తొమ్మిది డెబ్బై మూడు! మన మోరీ కాడనే! కంటైనర్ లారీ!"

"ఇరిగిందా?" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆటో అతను టీ తాగడం ఆపి నన్నే చూస్తున్నాడు.

నవ్వు అయ్యాక అక్క గొంతు మారింది. "ఒక మాట ఎప్పటి సందో జెప్పాలనుకుంటున్న. గా కాగితం మీద మూడు నేనే దిద్దిన. కడకు ఒకటే ఉండె. నువ్వు ఓడితె నీ బడి బంద్ అయితుండెనని మీ అమ్మ శాన దినాలకు జెప్పింది. గప్పటి సంది నాకు మనసుల మనసు లేదే."

"మూడు నువ్వే దిద్దినవని నాకు ఎరుకే అక్కా."

"ఎరుకనా? ఎప్పటి సంది?"

"గా దినమే జూసిన."

"మరి అందరి ముంగట ఎందుకు అడగలే?"

"అడిగితె మోరీ మీద ఒక్కదాన్నే కూసుందును గదక్కా."

అవతల అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"డెబ్బై మూడుతోని జూసినవా?" అంది.

"నలభై ఐదు మిగుల్తయి" అన్నాను.